ఇంట్లో బిడ్డ గుండె వినే డాప్లర్: 8 వారాలు వాడి చూసిన ఒక తల్లి మాట

ఈ మిషన్ మా ఇంటికి ఎంగిలిపూల బతుకమ్మ నాడు వచ్చింది. మా అమ్మాయి కాన్పుకు తల్లిగారింటికి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. 30 వారాలు నడుస్తున్నాయి. హనుమకొండ విద్యారణ్యపురిలో మా వాకిట్లో కూర్చుని గునుగు పూలకు రంగులద్దుతుంటే డెలివరీ అబ్బాయి వచ్చి చిన్న డబ్బా చేతిలో పెట్టాడు. హైదరాబాద్ నుంచి మా అల్లుడు బుక్ చేశాడు. "అత్తమ్మా, నేను దగ్గర లేను కదా, రోజూ బిడ్డ గుండె చప్పుడు ఫోన్‌లో వినిపించండి" అన్నాడు. ఆ ప్రేమను నేను తప్పు పట్టను. నా మాట అంతా ఆ డబ్బా మీదనే.

కంపెనీ పేరు రాయడం లేదు. ఆన్‌లైన్‌లో ఇలాంటివి ఎన్నో పేర్లతో దొరుకుతున్నాయి, పనిచేసే తీరు అన్నిటిదీ ఒకటే. మాకు మూడు వేలకు కాస్త తక్కువ పడింది. నేను 27 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. డాక్టర్‌ను కాను. కానీ ఈ 8 వారాల్లో రెండుసార్లు ఈ మిషన్ మమ్మల్ని ఆసుపత్రికి పరుగు పెట్టించింది. ఇంకో రాత్రి, పరుగెత్తాల్సిన సమయంలో ఇంట్లోనే కూర్చోబెట్టింది. అందుకే ముందే చెప్పేస్తున్నాను: కొనకండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

వస్తువుగా చూస్తే పెద్ద వంక పెట్టలేను. అరచేతిలో పట్టేంత ఉంటుంది. వైరుకు వేలాడే ప్రోబ్, చిన్న స్పీకర్, ఇయర్‌ఫోన్ పెట్టుకోవడానికి రంధ్రం, అంకెలు కనిపించే తెర. రెండు పెన్సిల్ సెల్స్ వేసుకోవాలి. దాంతో వచ్చిన జెల్ సీసా పది రోజులకే అయిపోయింది. చౌరస్తాలో మెడికల్ షాపుకు పోయి స్కానింగ్ జెల్ అని అడిగితే పెద్ద సీసా ఇచ్చారు, అది కాన్పు దాకా వచ్చింది.

వాడటం మాత్రం అంత తేలిక కాదు. జెల్ రాసి ప్రోబ్ పొట్ట మీద పెట్టగానే మొదట వచ్చేది గరగర. ప్రోబ్‌ను కొంచెం వంచితే చాటలో బియ్యం చెరిగినట్టు ఒక చప్పుడు వస్తుంది, నిదానంగా, ఒక లయలో. మొదటి రోజు అదే బిడ్డ గుండె అనుకుని మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అది బిడ్డది కాదు, తల్లి రక్తం మాయ దగ్గర పారుతున్న చప్పుడు. ఇంకా కిందికి, పక్కకు జరుపుతూ పోతే ఒకచోట పాత కుట్టుమిషన్ గబగబా తొక్కినట్టు టకటకటక మొదలవుతుంది. అది బిడ్డ గుండె. తెర మీద 148 పడింది. ఆ క్షణం మా ఇంట్లో అందరి ముఖాలూ వెలిగాయి, అబద్ధం చెప్పను. అల్లుడు వీడియో కాల్‌లో ఏడ్చేశాడు.

ఈ మిషన్ చేసేది ఒక్కటే పని. పైనుంచి శబ్ద తరంగాలను పంపుతుంది, కదిలే దేనికో తగిలి అవి వెనక్కి వస్తే వచ్చిన తేడాను చప్పుడుగా మార్చి లెక్కపెడుతుంది. కదిలింది బిడ్డ గుండా, బొడ్డుతాడా, తల్లి పొట్టలోని పెద్ద రక్తనాళమా అన్నది దానికి తెలియదు. వినే చెవికి తెలియాలి. నర్సింగ్ చదివినవాళ్లు ఆ చెవిని ఏళ్లు పెట్టి తయారు చేసుకుంటారు. మనం మాన్యువల్‌లో నాలుగు బొమ్మలు చూసి మొదలు పెడతాం.

సద్దుల బతుకమ్మ రాత్రి ఏమైందో చెబుతాను. కాలనీలో ఆడి, బతుకమ్మలను సాగనంపి ఇంటికి వచ్చేసరికి పదిన్నర. అమ్మాయి పడుకునే ముందు అలవాటుగా మిషన్ పెట్టుకుంది. 84. ఇంకోచోట పెట్టింది, 82. మాన్యువల్‌లో 110 నుంచి 160 మధ్య ఉండాలని రాసి ఉంది. మా అమ్మాయి ముఖం పాలిపోయింది. మా ఆయన కారు తీస్తే పట్టుచీరల మీదనే ఆసుపత్రికి పోయాం. డ్యూటీలో ఉన్న సిస్టర్ తన డాప్లర్ పెట్టి అర నిమిషంలో వినిపించింది: 144. తర్వాత మా అమ్మాయి మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. 84. మేం విన్నది మా అమ్మాయి సొంత నాడి. మరో వారానికి 74 చూపించి మళ్లీ పరుగు పెట్టించింది. ఆ రోజు చప్పుడు బిడ్డదే, మిషన్ లెక్కలో సగం జారవిడిచింది.

ఇవి రెండే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. భయపెట్టి ఆసుపత్రికి పంపే మిషన్‌తో పెట్రోలు ఖర్చు, నిద్ర చెడు, అంతే. భయపడాల్సిన చోట ధైర్యం చెప్పే మిషన్‌తోనే అసలు ప్రమాదం.

32 వారాలు దాటాక ఒక మంగళవారం అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. నెలలు నిండకుండానే కాన్పు అవుతుందేమోనని డాక్టరమ్మ చేర్చుకుని, నొప్పులు ఆగడానికి మందు పెట్టి, బిడ్డ ఊపిరితిత్తులు బలపడటానికి ఇంజెక్షన్ వేయించింది. బీటామెథసోన్, 12 మిల్లీగ్రాములు. 24 గంటల తర్వాత ఇంకొకటి. బుధవారం రాత్రికి నొప్పులు తగ్గాయి. గురువారం మధ్యాహ్నం, కదలికలు జాగ్రత్తగా గమనించమని చెప్పి ఇంటికి పంపారు. ఆ రాత్రి నాకు ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. పొద్దున లేచి చాయ్ పెట్టి పిలిస్తే అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి సరిగ్గ కదల్లేదమ్మా. కని మిషన్ పెట్టుకుంటే 146 చూపించింది. అందుకే నిన్ను లేపలేదు."

ఎన్నిసార్లు పెట్టుకున్నావ్ బిడ్డా అంటే, ఏడుసార్లు అంది. ఏడుసార్లూ 140, 150 మధ్యనే వచ్చిందట. చాయ్ అక్కడే పెట్టేసి బయలుదేరాం.

ఎన్.ఎస్.టి. అంటే బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీతగా తీసే పరీక్ష. ఆ గదిలో మా అమ్మాయిని ఎడమవైపు వాల్చి పడుకోబెట్టారు. పొట్టకు రెండు బెల్టులు కట్టారు. ఒకటి బిడ్డ గుండెకు, ఒకటి గర్భసంచి బిగుసుకోవడం చూడటానికి. చేతిలో ఒక బటన్ ఇచ్చి బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కమన్నారు. గళ్ల కాగితం సన్నగా కిర్రుమంటూ బయటికి వస్తోంది, దాని మీద గీత. నేను ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను. బాగున్న బిడ్డ గీత గడ్డి పరక అంచులా చిన్న చిన్న పళ్లతో ఉంటుంది. బిడ్డ కదిలినప్పుడు పైకి ఒక దిబ్బలా లేస్తుంది. కనీసం 15 బీట్లు పెరిగి 15 సెకన్లు నిలవాలి, 20 నిమిషాల్లో అలాంటివి రెండు రావాలి. మా అమ్మాయి గీత 145 దగ్గర దాదాపు స్కేలు పెట్టి గీసినట్టు పోతోంది. 20 నిమిషాలైంది. దిబ్బ లేదు. బిడ్డ నిద్రలో ఉందేమోనని ఇంకో 20 నిమిషాలు పొడిగించారు. ఒక్క చిన్న ఎత్తు. బటన్ రెండుసార్లు నొక్కింది.

ఒక్క సంగతి గమనించండి. అంకె ఇక్కడా 145, ఇంట్లోనూ 146. మా మిషన్ తప్పు చెప్పలేదు. చెప్పాల్సింది చెప్పలేదు.

డాక్టరమ్మ కాగితం చూసి వెంటనే స్కానింగ్‌కు పంపింది. బిడ్డ చేతులు కాళ్లు ఆడించడం, ఊపిరి తీసినట్టు ఛాతీ కదపడం, ఉమ్మనీరు, బొడ్డుతాడులో మెదడులో రక్తం పారే తీరు అన్నీ చూశారు. అన్నీ బాగున్నాయి. అప్పుడు నాతో అంది: "మేడం, గుండె కొట్టుకుంటుందా అని నేను చూడను, ఎట్ల కొట్టుకుంటుందో చూస్తా. ఈ ఇంజెక్షన్ తర్వాత రెండు మూడు రోజులు కదలికలు, గీతలో ఎగుడుదిగుళ్లు తగ్గడం ఉంటది, మళ్లీ వస్తయి. కని చూడకుండ ఇంజెక్షన్ మీదికి నెట్టేయొద్దు." సాయంత్రం దాకా ఉంచుకుని మళ్లీ గీత తీశారు. ఆదివారం పోయేసరికి దిబ్బలు వరసగా లేచాయి. నా కాళ్లలో వణుకు తగ్గింది కూడా ఆ రోజే.

ఇంటికి వచ్చాక నేను ఊరుకోలేకపోయాను. ఇన్నేళ్లు పిల్లలకు హృదయం, హార్మోన్లు విడివిడి పాఠాలుగా చెప్పాను. కడుపులో ఉన్న బిడ్డలో అవి రెండూ ఎలా ముడిపడి ఉంటాయో అప్పుడు కూర్చుని చదివాను. ఈ మిషన్ ఎందుకు చాలదో నాకు అక్కడ అర్థమైంది.

బిడ్డ కడుపులో గాలి పీల్చదు. దానికి ఆక్సిజన్ వచ్చే దారి ఒక్కటే: మాయ, అక్కడినుంచి బొడ్డుతాడు. మన ధమనుల్లో ఆక్సిజన్ ఒత్తిడి 90, 100 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. బిడ్డకు మాయ నుంచి వచ్చే మంచి రక్తంలోనే అది 30 దరిదాపుల్లో ఉంటుంది. ఎవరెస్టు శిఖరం మీద మనిషి పరిస్థితితో పాత శరీరధర్మ శాస్త్రవేత్తలు దాన్ని పోల్చారు. అయినా బిడ్డ హాయిగా పెరుగుతుంది. దాని హిమోగ్లోబిన్ వేరు. ఆక్సిజన్‌ను మనకన్నా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు రోజుల్లో దానికి ఏ లోటూ లేదు.

లోటు వచ్చినప్పుడు బిడ్డ చేసే పని చూడండి. మా ఇంట్లో నల్లా రాని రోజు నేను మొక్కలకు నీళ్లు ఆపేస్తాను, బండి కడగనివ్వను, బట్టలు రేపటికి వాయిదా. ఉన్న నీళ్లు తాగడానికి, వంటకు. బిడ్డ కూడా అంతే. ఆక్సిజన్ తగ్గిందని మెడలోని రక్తనాళాల దగ్గరున్న చిన్న చిన్న పసిగట్టే కణాలు చెప్పగానే, మెదడు వేగస్ నాడి ద్వారా గుండెను నిదానింపజేస్తుంది. కాళ్లు, చేతులు, పేగులకు పోయే రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఉన్న రక్తం మెదడుకు, గుండెకు, అడ్రినల్ గ్రంథులకు మళ్లుతుంది. కదలడం ఆపేస్తుంది, ఊపిరి తీసినట్టు ఛాతీ ఆడించడం ఆపేస్తుంది. కదలికకు ఖర్చయ్యే ఆక్సిజన్‌ను కూడా మిగుల్చుకుంటుంది. తల్లికి "బిడ్డ కదుల్తలేదు" అని తోచడం వెనక ఇంత పెద్ద ఏర్పాటు ఉండవచ్చు.

తర్వాతి మెట్టులో హార్మోన్లు వస్తాయి. ఆక్సిజన్ తక్కువగానే ఉండిపోతే బిడ్డ అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ గుప్పిస్తాయి. అవి కాళ్ల రక్తనాళాలను బిగించే ఉంచుతాయి, గుండెను మాత్రం మళ్లీ పైకి తోస్తాయి. గొర్రె పిండాలలో ఇది దశాబ్దాలుగా కొలిచి చూశారు: ఆక్సిజన్ తగ్గించగానే గుండె వేగం పడిపోతుంది, కొన్ని నిమిషాల తర్వాత, లోటు ఇంకా అలాగే ఉండగానే, మామూలు అంకె దగ్గరికి తిరిగి వస్తుంది. ఇది చదివిన దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. గురువారం రాత్రి మా అమ్మాయి ఏడుసార్లు చూసుకున్నది ఆ మామూలు అంకెనే. మా అదృష్టం, లోపల లోటు లేదు. ఉండి ఉంటే కూడా ఆ తెర మీద 146 పడే వీలుంది.

మూడో సంగతి కార్టిసాల్. ఒత్తిడి హార్మోన్ అని దానికి చెడ్డ పేరు ఉంది గానీ, కాన్పు దగ్గరపడే వారాల్లో బిడ్డ రక్తంలో అది పెరగకపోతే బిడ్డకు బయట బతకడం కష్టమవుతుంది. ఊపిరితిత్తులను విచ్చుకునేలా చేసేది, కాలేయంలో చక్కెర నిల్వ చేయించేది, పేగులను సిద్ధం చేసేది అదే. దాంతోపాటే ఆక్సిజన్ లోటుకు బిడ్డ స్పందించే తీరును కూడా అది మార్చేస్తుంది. కేంబ్రిడ్జ్‌లో డీనో జుసానీ బృందం గొర్రెల మీద చేసిన పనిలో ఇది బాగా కనిపిస్తుంది. నెలలు తక్కువున్న పిండంలో గుండె పడి మళ్లీ లేస్తుంది. నెలలు నిండే కొద్దీ, కార్టిసాల్ పెరిగే కొద్దీ, గుండె ఎక్కువసేపు నిదానంగానే ఉంటుంది, కాళ్ల రక్తనాళాలు ఇంకా గట్టిగా బిగుసుకుంటాయి. చిన్న పిండానికి డెక్సామెథసోన్ ఎక్కిస్తే అది కూడా నెలలు నిండినదానిలా స్పందించడం మొదలుపెట్టింది. డెక్సామెథసోన్, మా అమ్మాయికి వేసిన బీటామెథసోన్, రెండూ కార్టిసాల్‌కు చుట్టాలే, మనుషులు తయారు చేసుకున్నవి.

అంటే 30 వారాల బిడ్డలో ఒక అంకెకు ఒక అర్థం, 38 వారాల బిడ్డలో అదే అంకెకు ఇంకో అర్థం, ఇంజెక్షన్ పడ్డ మర్నాడు వేరే అర్థం. ఎన్ని వారాలు, ఏ మందు పడింది, బిడ్డ కదిలిందా, గీత ఎలా ఉంది అన్నీ కలిపి చదివేవాళ్లు కావాలి. మూడు వేల మిషన్‌కు ఇవేవీ అడగడం రాదు. అది అంకె వేసి ఊరుకుంటుంది. ఆ అంకె చుట్టూ మనం ధైర్యాన్ని అల్లుకుంటాం.

ఇది చదివి ఇంజెక్షన్ వద్దనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు ఒక మాట. ఆ ఇంజెక్షన్ ఎంతమంది పిల్లలను బతికించిందో లెక్కలేదు. న్యూజిలాండ్‌లో గ్రాహం లిగ్గిన్స్ అనే డాక్టర్ కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసుకోవాలని గొర్రె పిండాలకు డెక్సామెథసోన్ ఇచ్చాడు. చాలా ముందుగా పుట్టి, చనిపోవాల్సిన ఒక గొర్రెపిల్ల ఊపిరి తీస్తూ కనిపించింది. అతనూ, పిల్లల డాక్టర్ రాస్ హౌవీ కలిసి ఆక్లాండ్‌లో 282 మంది తల్లుల మీద పరీక్షించి 1972లో ఫలితాలు ప్రచురించారు. మన దేశంలో 2014 నుంచి, 24 నుంచి 34 వారాల మధ్య కాన్పు అయ్యేలా ఉంటే సర్కారు దవాఖానల్లో కూడా ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అక్కడ వాడేది డెక్సామెథసోన్: 6 మిల్లీగ్రాములు, 12 గంటలకొకసారి, నాలుగు డోసులు. డాక్టర్ వేయించుకోమంటే వేయించుకోండి. ఆ తర్వాత రెండు మూడు రోజులు కదలికల మీద కన్నేసి ఉంచండి, తగ్గితే ఇంట్లో తేల్చుకోకండి. అంతే నేను చెప్పేది.

అమ్మాయి ఒకరోజు అడిగింది, "అమ్మా, నేను ఇంత టెన్షన్ పడుతున్న కదా, నా కార్టిసాల్ బిడ్డకు పోతదా?" అని. మంచి ప్రశ్న. మాయలో ఒక ఎంజైమ్ ఉంటుంది, తల్లి కార్టిసాల్‌లో చాలా భాగాన్ని అది పనిచేయని కార్టిసోన్‌గా మార్చి పంపుతుంది. అందుకే తల్లిలో ఎంత ఉన్నా బిడ్డలో చాలా తక్కువ ఉంటుంది. ఇంజెక్షన్ మందులను ఆ ఎంజైమ్ అంతగా పట్టుకోలేదు, అందుకే అవి దాటిపోయి పనిచేస్తాయి. అమ్మాయికి ఇదంతా చెప్పాక కొంచెం నెమ్మదించింది. అయితే కాపలా ఉంది కదా అని రోజుకు ఏడుసార్లు గుండె పట్టుకుని కూర్చోవడం ఎందుకు? ఈ మిషన్ రాకముందు మా అమ్మాయి బిడ్డ తన్నితే నవ్వేది. వచ్చాక తన్నినా మిషన్ తీసి సరిచూసుకునేది. తన ఒంటి మీద తనకున్న నమ్మకాన్ని అది తీసేసుకుంది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే.

కొన్నచోట సంగతి కూడా చెప్పాలి. అమ్మకం పేజీలో, బిడ్డ క్షేమంగా ఉందని ఇంట్లోనే తెలుసుకోండి, మనశ్శాంతి పొందండి అన్న అర్థంలో పెద్ద అక్షరాలు. మాన్యువల్ ఆఖరి పేజీలో, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఇది రోగ నిర్ధారణకు కాదు, అనుమానం ఉంటే డాక్టర్‌ను కలవండి అని. ఆ రెండోది మొదటిదాని పక్కన ఎందుకు లేదు? కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఇదే అడిగాను. జెల్ సరిగ్గా రాశారా మేడం, 12 వారాలు దాటాయా మేడం అని వాళ్ల ముందున్న కాగితం చదివారు. వాపసు గడువు దాటిందన్నారు. డబ్బు కోసం కాదు, ఆ పేజీలో తెలుగులో ఒక్క వాక్యం పెట్టండి అని మెయిల్ కూడా పంపాను: "కదలికలు తగ్గితే ఈ మిషన్ వాడకండి, ఆసుపత్రికి పోండి." జవాబు లేదు. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2014లోనే, గుండె చప్పుడు వినే ఇలాంటి మిషన్లను ఇళ్లలో సొంతంగా వాడొద్దని హెచ్చరించింది. ఇక్కడ సెల్‌ఫోన్ కవర్ల పక్కన అమ్ముతున్నారు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటారు, కొనిచ్చిన భర్తలు ఉంటారు. దూరంగా ఉన్న తండ్రికి చప్పుడు వినిపించడానికి వాడుకోండి, బిడ్డ బాగా తన్నుతున్న రోజున, సంతోషానికి. అనుమానం వచ్చిన రోజు మాత్రం దాన్ని ముట్టుకోకండి. ఆ రోజు చేయాల్సింది వేరే ఉంది. తిని, ఎడమవైపు తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసి, కదలికలు లెక్కపెట్టాలి. రెండు గంటల్లో 10 రాకపోతే, లేదా రోజూ ఉన్నట్టు లేదని మీకే అనిపిస్తే, అర్ధరాత్రి అయినా సరే బయలుదేరాలి. "నెలలు నిండితే జాగ లేక కదలదు" అని మా వియ్యపురాలు అంది, మా అమ్మా అనేది. అది నిజం కాదు. ఆఖరి వారాల్లో తన్నే తీరు మారుతుంది, దొర్లినట్టు ఉంటుంది. కదలికలు తగ్గకూడదు.

మా మనుమరాలు 38 వారాలకు పుట్టింది. 2 కిలోల 700 గ్రాములు. కాన్పు గదిలో మళ్లీ అవే రెండు బెల్టులు, అదే కిర్రుమనే కాగితం. నొప్పి వచ్చినప్పుడల్లా గీత కాస్త కిందికి దిగి, నొప్పి పోగానే లేచి వచ్చేది. సిస్టర్ ప్రతిసారీ గీతను వేలితో చూపించి "లేచింది చూడండి మేడం" అనేది. ఇన్నాళ్లు నేను బోర్డు మీద వేసిన హృదయం బొమ్మల్లో ఒక్కటీ నన్ను అంతగా కదిలించలేదు.

మిషన్‌లో సెల్స్ తీసేసి బీరువా మీద పెట్టాను. మొన్న పక్క వీధిలో ఏడో నెల నిండిన అమ్మాయి, "ఆంటీ, పొద్దట్నుంచి తక్కువ కదుల్తుంది, మీ మిషన్ ఒకసారి ఇస్తరా" అని వచ్చింది. ఇవ్వలేదు. లోపలికి తీసుకుపోయి, రెండు ఇడ్లీలు పెట్టి, మంచం మీద ఎడమవైపు పడుకోబెట్టి, క్యాలెండర్ వెనక గీతలు పెడుతూ పక్కనే కూర్చున్నాను. గంట దాటినా నాలుగే గీతలు. రెండు గంటలు నిండేదాకా కూడా ఆగలేదు, వాళ్ల అత్తమ్మకు ఫోన్ చేసి ఆటో పిలిచాను. సాయంత్రం ఆ అమ్మాయే ఫోన్ చేసింది. గీత బాగుందట, బిడ్డ నిద్రలో ఉందట, రేపు మళ్లీ రమ్మన్నారట. క్యాలెండర్ వెనక ఆ నాలుగు గీతలు ఇంకా అలాగే ఉన్నాయి.